పానం పోకముందే కోసిన గొర్రె

రోజా మణికట్టు మీది పుండు నొప్పి పెట్టడం లేదు. రేణుకకు భయం పట్టుకున్నది అక్కడే.

నాలుగు రోజుల కింద అది దోమ కుట్టినంత పొక్కు. తెల్లారి నీటి బుగ్గయింది. ఈ పొద్దున చూసేసరికి మధ్యలో బొగ్గుముక్క అతికించినట్టు నల్లగా తేలింది. చుట్టూ మాంసం ఉబ్బి మోచేతి దాకా మెరుస్తోంది. రోజా మంచం మీద కూర్చుని దాన్ని వేలితో నొక్కి మరీ చూపించింది.

"చూడవే, జర్రంత గూడ నొస్తలేదు. ఎవరి చెయ్యో తెచ్చి అతికిచ్చినట్టుంది."

"ముట్టకు."

"ఏందే అంత గుస్స? చెయ్యి నాదా, నీదా?"

"ముట్టకు అన్నగద!"

రేణుక గొంతు తనకే కొత్తగా వినిపించింది. రోజా నవ్వు ఆపేసింది. ఆమె ఒళ్లు కాలిపోతోంది, కళ్లు ఎర్రబడ్డాయి. చౌరస్తా దగ్గరి క్లినిక్ డాక్టరు నిన్ననే చూసి, సాలెపురుగు పారి ఉంటుందని చెప్పి పూత మందు రాసిచ్చాడు. అశోక్ నగర్ హాస్టల్లో ఉండే పిల్లల రోగాలన్నిటికీ ఆయన దగ్గర రెండే మందులు: పూత మందు, జ్వరం గోలీ.

రేణుకకు ఆ పుండు తెలుసు. రెండు రకాలుగా తెలుసు. ఒకటి, ఆమె గొర్రెలు కాసే కురుమోళ్ల బిడ్డ. చిన్నప్పుడు పక్కూరి పెద్దకురుమ చేతి మీద అచ్చం ఇదే చూసింది. మందలో దొమ్మ పడ్డ ఏడాది అది. రెండోది, ఆరేళ్లుగా ఉద్యోగాల పరీక్షలు రాస్తోంది. విపత్తుల పాఠం చెప్పే శ్రీపతి సారు జీవాయుధాల జాబితాను అందరి చేతా కంఠతా పట్టించాడు. ఆ జాబితాలో మొట్టమొదటి పేరు ఆంత్రాక్స్. ఊళ్లో దాని పేరే దొమ్మ. "శత్రువు చల్లితే ఆయుధం, గొర్రెకొస్తే రోగం. పురుగు ఒక్కటే. పట్నంల ముందు మనుషులు పడరు, ఊళ్లె జీవాలు పడ్తయ్. ఆ కబురు అందుకునెటోడు ఉంటెనే దేశం తయారున్నట్టు," అనేవాడు సారు. అదే మాటను రేణుక నమూనా పరీక్షలో పది మార్కుల జవాబుగా రాసింది. ఎనిమిది పడ్డాయి.

రాసిన చేత్తోనే తిన్నది కూడా.

పన్నెండు రోజుల కింద ఊరి నుంచి డబ్బా వచ్చింది. రేణుకను కన్న అవ్వ సమ్మక్క ఉప్పు, పసుపు, కారం పట్టించి, దండెం మీద ఎండబెట్టిన మాంసం, ఒట్టి తునకలు. డబ్బా అందిందని ఫోన్ చేస్తే అవ్వ మామూలుగానే చెప్పింది. "పొట్టేలు మంచిగనే మేసొచ్చింది బిడ్డా. తెల్లారి లేస్తలేదు, కాళ్లు కొట్టుకుంటుంది. పానం పోకముందే నాయిన కోసిండు. చచ్చినంక కోసింది గాదు."

ఆ ఒక్క మాట చాలు కురుమోళ్లకు. ఊపిరి ఆడుతుండగా కత్తి తగిలితే అది కోసిన గొర్రె. కత్తి ఆలస్యమైతే చచ్చిన గొర్రె. కోసినదాన్ని కుప్పలు వేసి ఇంటింటికీ పంచుతారు. చచ్చినదాన్ని గుంత తీసి పూడుస్తారు. తాతల నాటి నుంచి గొర్రెల కాపరి గీసుకున్న గీత అది. ఎందుకు పడిపోయిందని ఎవరూ అడగరు. కత్తి ముందా, చావు ముందా, అంతే. చదువుకున్న రేణుక కూడా అడగలేదు. ఇక్కడ గదిలో రోజా ఆ తునకలను విరిచి, నీళ్లలో పిసికి కడిగింది. బ్లేడుతో పేపరు కోస్తుంటే తెగిన మణికట్టు ఇంకా పచ్చిగానే ఉండింది. కరెంటు పొయ్యి మీద సగం వేగీ వేగకముందే ఇద్దరూ లొట్టలేసుకుంటూ తిన్నారు.

రేణుక రోజాను లేపి చెప్పులు తొడిగింది. ఆటో పిలిచి పెద్ద సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. దారంతా రోజా తల ఆమె భుజం మీదే ఉంది. ఆ వేడి చీర లోపలికి దిగుతుంటే రేణుక తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంది. ఏమీ లేదు. ఇప్పటికైతే ఏమీ లేదు.

డ్యూటీలో ఉన్నది లేడీ డాక్టరు. చిన్న వయసే. పుండును చూడగానే ఆమె ముఖంలో రంగు మారింది. చేతికి తొడుగు వేసుకుంది, దాని మీద ఇంకొకటి వేసుకుంది.

"పశువులను ముట్టినవా అమ్మా? గొర్రెలు, మేకలు, తోళ్లు, ఊలు?"

"పశువులు ఏడికెల్లొస్తయ్ మేడం? కరీంనగర్ టౌన్ల పుట్టిన. పాలు గూడ ప్యాకెట్ల పాలే," అంది రోజా.

డాక్టరు వెంటనే నరానికి మందు ఎక్కించమంది. నమూనా తీసి పంపించింది. తర్వాత ఫోనందుకుని పక్కకు తిరిగింది. రేణుక చెవిలో ముక్కలు ముక్కలుగా పడ్డాయి. "అవును సార్, అచ్చం అట్లనే ఉంది... పశువులతో సంబంధం లేదంటుంది... నడి పట్నం సార్... పోలీసులకు చెప్పాల్నా? సరే సార్." ఫోన్ పెట్టేసి రేణుక వైపు చూసింది.

"నువ్వు రూమ్మేట్‌వి గదా. మీ గదిలకు ఏమన్న వచ్చిందా? బయటికెల్లి, ఊరికెల్లి?"

వారం రోజుల్లో రేణుకకు సర్టిఫికెట్ల పరిశీలన ఉంది. ఆరేళ్ల తర్వాత ఎంపిక జాబితాలో పేరు వచ్చింది. ఆమె మీద, ఇంట్లో వాళ్ల మీద ఏ కేసూ లేదని పోలీసులు రాసివ్వాలి. 'పోలీసులు' అన్న మాట ఇంకా ఆ గదిలోనే తిరుగుతోంది.

"లేదు మేడం," అంది రేణుక.

రెండు చిన్న మాటలు. అంతే. పొద్దున పదింటికి ఆ మాటలు దవాఖాన దాటాయి, పన్నెండింటికి అశోక్ నగర్ మీద పడ్డాయి.

పశువులు లేని చోట, నడి పట్నంలో, చదువుకునే పిల్ల చేతి మీద ఆంత్రాక్స్. ఇక దానికి అర్థం ఒక్కటే. ఎవడో చల్లాడు. రేణుకకు ముందు జాగ్రత్త గోలీలు మింగించి, గది చూపించమని ఆమెను అంబులెన్సులో హాస్టల్‌కు తెచ్చేసరికి సందుకు రెండు వైపులా తాళ్లు కట్టేశారు. తెల్ల సూట్ల మనుషులు మెట్లెక్కుతున్నారు. పది రోజుల కిందనే చిక్కడపల్లి లైబ్రరీ ముందు ఇవే సూట్లతో మాక్ డ్రిల్ చేశారు. ఉగ్రవాదులు పొడి చల్లినట్టు, జనం పడిపోయినట్టు, వీళ్లు వచ్చి మోసుకుపోయినట్టు. ఆ రోజు హాస్టల్ పిల్లలు వాళ్ల పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఇవాళ ఎవరూ ఫోన్ తీయలేదు. మాస్కు అద్దం వెనక కళ్లు కూడా కనబడటం లేదు.

నలభై ఇద్దరు పిల్లలను కింద భోజనాల హాల్లో కూర్చోబెట్టారు. ఆరోగ్య శాఖ నుంచి జయశ్రీ అనే అధికారి వచ్చింది. పోలీసుల నుంచి ఉదయ్ కుమార్ అనే పెద్ద సారు వచ్చాడు. వార్డెన్ బాలనాగమ్మ ఆయన వెంటబడి తిరుగుతోంది.

"నా హాస్టల్లకు నరమానవుడు రాడు సార్. మొగోడైతే గేటు కాడనే ఆపుత. బాంబులు, పౌడర్లు ఏడికెల్లొస్తయ్? ఉప్మల జీడిపప్పు లేదని కొట్లాడుడు దప్ప వీళ్లకేం తెల్వదు."

"అమ్మా, జర మీరు కూసోండి."

పైనుంచి ఒక సూటు మనిషి పారదర్శకమైన సంచీ పట్టుకుని దిగాడు. అందులో రోజా జిరాక్స్ నోట్సు కట్ట. కాగితాల అంచుల్లో తెల్లటి పొడి.

హాలంతా ఒక్కసారి వెనక్కి జరిగింది. వెనక వరుసలో అనూహ్య అనే పిల్ల ఏడుపు అందుకుంది. "నేను గూడ అండ్లనే చదివిన సార్. నేను గూడ ముట్టిన."

ఎక్కడ జిరాక్స్ తీయించిందని అడిగారు. మూల మీద నాగేందర్ దుకాణమని ఎవరో చెప్పారు. పావుగంట కాలేదు. కిటికీలోంచి అందరూ చూస్తుండగానే నాగేందర్‌ను రెండు రెక్కలు పట్టి ఈడ్చుకొచ్చారు. నాగేందర్ అంటే ఆ సందులో అందరికీ అన్న. హాల్ టికెట్ల మీద ఫోటోలు కూడా ఆయనే అంటిస్తాడు. ఆయన చెప్పులు ఊడిపోయాయి.

"బొద్దింకల మందు సార్ అది! కాయితాలు కొరుకుతున్నయని షెల్ఫుల చల్లిన! డబ్బా ఆడనే ఉంది, చూసుకోండ్రి!"

"చూస్తం, చూస్తం. నడువ్," అన్నాడు ఒక కానిస్టేబుల్, వీపు మీద చెయ్యేసి తోస్తూ.

బండి తలుపు మూసుకుంది. పొడి ఏమిటో తేలుతుంది, సాయంత్రానికి కాకపోతే రేపటికి తేలుతుంది, అన్నను వదిలేస్తారు అనుకుంది. రోజాకు మందు పడింది, రోజా బతుకుతుంది అనుకుంది. నేను నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ కాదు అనుకుంది. భయపడ్డ మనిషి లెక్కలు ఇట్లాగే ఉంటాయి, అన్నీ సరిగ్గా సరిపోతాయి. ఉదయ్ కుమార్ సారు హాలు మధ్యలో నిలబడి చెబుతున్నాడు. "ఇది దేశం మీద జరిగిన దాడి కావొచ్చు. ఇది తెచ్చినోడు, దాచినోడు, తెలిసి చెప్పనోడు, ముగ్గురూ ఒకటే మాకు. జీవితంల బయటికి రారు."

అప్పుడే రేణుక ఫోన్ మోగింది. ఇంటి నుంచి.

అందరి తలలూ తిరిగాయి. ఆమె గోడ వైపు ముఖం పెట్టి ఎత్తింది.

"బిడ్డా, తిన్నవా?"

"అవ్వా, నాయిన ఏడి?"

"మంద కాడనే ఉన్నడు. జరమొచ్చింది నాయినకు. మోచెయ్యి మీద పుండు లేసింది, ఆర్‌ఎంపీ సూదేసి పోయిండు."

"ఎట్లుందవ్వా పుండు? నల్లగున్నదా?"

"మాడిన రొట్టె లెక్క ఉంది. నొప్పి లేదంటడు, నవ్వుతడు. మెడ గూడ జర ఉబ్బింది. అది గాదు బిడ్డా, ఇయ్యాల ఇంకో మూడు జీవాలు పడ్డయ్. ముత్యాలు మామ వచ్చిండు. పానం పోకముందే కోస్తున్నరు. ఊరంత పంచుతున్నరు. నీకు గూడ తునకలు ఎండబెట్టి—"

"కొయ్యకుండ్రి!"

హాలు దద్దరిల్లింది. తన నోరేనా అది అని రేణుకకు తెలియలేదు. "కొయ్యకుండ్రవ్వా! ముట్టకుండ్రి! మామను కత్తి కింద వెయ్యమను! ఎవ్వల్ని తిననియ్యకు, కూర గూడ పొయ్యి మీదికెల్లి దించుమను!"

ఉదయ్ కుమార్ రెండడుగుల్లో దగ్గరికి వచ్చాడు. ఆయన వెనక జయశ్రీ.

"ఎవరమ్మా ఫోన్ల? ఏం కోస్తున్నరు?"

ఇప్పుడు కూడా దారి ఉంది. మా అవ్వ కూరగాయలు కోస్తోందనవచ్చు. పిచ్చిదాన్ననుకున్నా సరే, ఏడుస్తూ కూలబడవచ్చు. ఎంపిక జాబితాలోని తన పేరు రేణుక కళ్ల ముందు ఒక్క క్షణం నిలబడింది. దాని వెనక మెడ ఉబ్బిన నాయిన. మెడ దాకా ఉబ్బు వస్తే ఏమవుతుందో ఆమె నోట్సులో ఉంది.

"సార్, ఎవరూ చల్లలేదు," అంది. "నేనే తెచ్చిన. మా గొర్రె మాంసం. రోజా కడిగింది. పొద్దుగాల డాక్టరమ్మ అడిగితే అబద్ధం చెప్పిన. నాగేందరన్నకు ఏం తెల్వదు సార్. మా ఊళ్లె జీవాలు పడుతున్నయ్. మా నాయినకు పుండు లేసింది."

హాల్లో గుసగుస లేచింది. "మాంసమా? ఓసి నీ..." అని ఎవరో తిట్టారు. బాలనాగమ్మ నెత్తి పట్టుకుంది. "నా హాస్టల్ల ఒట్టి తునకలా? శాకాహారమని బోర్డు వెట్టిన గదనే!"

ఉదయ్ కుమార్ నవ్వాడు. ఆ నవ్వు రేణుకను సూట్లకన్నా ఎక్కువ భయపెట్టింది.

"మంచి కథ. ఆ జిరాక్సోడు నీకేమైతడు? ఇట్ల చెప్పుమని నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పలే సార్."

"ఢిల్లీ నుంచి టీము వస్తుంది. టీవీల నడుస్తుంది. నువ్వేమో గొర్రె అంటవ్."

"గొర్రెనే సార్!"

జయశ్రీ ఆయన భుజం దాటి ముందుకు వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుంది. గట్టిగా కాదు, మెల్లగా అడిగింది.

"కోసినప్పుడు రక్తం గడ్డ కట్టిందా? మీ అమ్మను అడుగు. అందరికి వినవడేటట్టు పెట్టు."

రేణుక స్పీకరు నొక్కింది. ఊళ్లో సమ్మక్కకు ఇవతల ఎవరున్నారో తెలియదు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"గడ్డనా? కట్టలే బిడ్డా. చింతపులుసు లెక్క నల్లగ కారుతనే ఉండె. మేం గూడ పరేషానైనం. ముక్కుల కెల్లి గూడ కారింది. నాయిన అన్నడు, పానం పోకముందే కోసినం గద, ఏం గాదని."

జయశ్రీ దగ్గర్లో ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. "దాడి కాదు సార్," అంది ఉదయ్ కుమార్‌తో. "దొమ్మ. రక్తం గడ్డ కట్టకపోవుడు దాని గుర్తే."

తర్వాత ఫోన్ వైపు వంగి అడిగింది. "అమ్మా, నేను డాక్టరును. మీ జీవాలకు దొమ్మ టీకా ఎప్పుడేసిండ్రు?"

"ఎవరేస్తరమ్మా? పశువుల దవాఖానకు తాళం వడి మూడేండ్లాయె. మొన్న పొట్టేలు వడ్డనాడు గూడ మా ఇంటాయన పోయి తలుపు చూసొచ్చిండు."

అద్దాల సూట్లు ఉన్నాయి, సైరన్లు ఉన్నాయి, పావుగంటలో ఒక జిరాక్సు దుకాణం వాణ్ని ఈడ్చుకొచ్చే బలగం ఉంది, మాక్ డ్రిల్‌లో పడిపోయినట్టు నటించడానికి మనుషులు కూడా ఉన్నారు. రేణుక నాయిన బుగ్గయ్య ఆ పశువుల దవాఖాన తలుపు తట్టిన రోజు ఆ తలుపు వెనక ఒక్క మనిషి ఉంటే ఇవేవీ సందులోకి వచ్చేవి కావు. రేపు నిజంగానే ఏ శత్రువో చల్లినా మొదటి కబురు వచ్చేది ఆ తలుపు దగ్గరికే. దానికి తాళం. దీన్ని తయారుగా ఉండటం అంటున్నారు.

జయశ్రీ లేచి వరుసగా ఫోన్లు చేసింది. ఊరికి మందులు, డాక్టర్లు, పశువుల డాక్టరు, సున్నం బస్తాలు. ఉదయ్ కుమార్ ఒక కాగితం తీశాడు.

"పేరు?"

"రేణుక."

"తండ్రి పేరు?"

"బుగ్గయ్య."

"ఊరు, మండలం?"

ఎంపిక దరఖాస్తులో కూడా గడులు ఇదే వరుసలో ఉంటాయి. ఆమె తడుముకోకుండా చెప్పింది. "సార్, నా మీద కేసైతదా?"

"అబద్ధం చెప్పినవా లేదా?"

"చెప్పిన."

"మరింకేంది," అని ఆయన రాసుకున్నాడు. తలెత్తకుండానే, "ఆ నాగేందర్‌ను విడవమని చెప్పండి," అన్నాడు ఎవరితోనో. తర్వాత, "మా బండ్లు రెండు ముందు పోతయ్. ఊరి చుట్టూ కాపలా పెట్టాలె."

"వద్దు సార్!" రేణుక ఆయన చేతిలోని కాగితం మీద చెయ్యి వేసేసింది, ఏం చేస్తున్నదో తెలియకుండానే. "పోలీసు బండి చూస్తే మా నాయిన ఉరుకుతడు. గొర్రెలను తోలుకొని గుట్టెక్కుతడు. ఆడ సిగ్నల్ ఉండది, మనిషి దొరకడు. మందు పడకపోతే సస్తడు సార్. నేను ముందు మాట్లాడుత."

జయశ్రీ ఉదయ్ కుమార్‌ను చూసింది. ఆయన గడియారం చూసుకుని, "రెండు నిమిషాలు," అన్నాడు.

సమ్మక్క ఫోన్ తీసుకుని మంద దగ్గరికి నడిచింది. ఆయాసం వినిపించింది. తర్వాత నాయిన గొంతు, బొంగురుగా, ఏదో అడ్డంపడ్డట్టు.

"ఏందిరా బిడ్డా, అవ్వ ఏడుస్తుంది?"

"నాయినా, దొమ్మ పడ్డది మన మందల. నీకు గూడ అంటింది. దవాఖానోళ్లు వస్తుండ్రు. పోలీసులు గూడ వస్తరు. తెల్లబట్టలు ముఖం దాక వేసుకుంటరు, చూస్తే భయమైతది. ఉరుకకు. చెయ్యి చాపు, సూది వేయించుకో. నయమైతది."

అటువైపు ఆయన మింగడానికి అవస్థ పడుతున్న చప్పుడు వచ్చింది.

"జీవాలను ఏం జేస్తరు?"

పొద్దున రెండు మాటల అబద్ధం ఎంత దూరం పోయిందో ఆమె చూసింది. అయినా ఇప్పుడు ఇంకొకటి నాలుక చివర దాకా వచ్చింది. ఏం చెయ్యరు నాయినా. చెబితే ఆయన కూర్చుంటాడు.

"తెల్వదు నాయినా," అంది. "పడ్డయి కాలవెడ్తరు. బతికున్నయి ఏం జేస్తరో నాకు తెల్వదు."

"నువ్వొస్తవా?"

రేణుక జయశ్రీ వైపు చూసింది. జయశ్రీ తల ఊపింది.

"వస్తున్న."

"గట్లయితే కూసుంట. జెల్ది రా. గొంతుల ఏదో పట్టుకున్నట్టుంది."

అంబులెన్సు నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కేసరికి ముందూ వెనకా ట్రాఫిక్. సైరన్ మొత్తుకుంటోంది కాని ఎవరూ జరగడం లేదు. రేణుక మందుల పెట్టెల మధ్య కూర్చుని మళ్లీ ఫోన్ కలిపింది. ఆరుసార్లు మోగాక అవ్వ ఎత్తింది.

"కూసున్నడా?"

"కూసున్నడు. నీ దారి చూస్తుండు."

"మాట్లాడుతుండా?"

"ఇప్పటిదాక మాట్లాడిండు బిడ్డా. ఇప్పుడు చెయ్యితోని చెప్తుండు."

రేణుక ముందుకు వంగి డ్రైవరు సీటు వెనక రేకును పిడికిలితో బాదింది.

"అన్నా, జర పోనియ్! పోనియ్ అన్నా!"

అంబులెన్సుకు ఇంకా రెండున్నర గంటల దారి ఉంది.